చదరంగపు యంత్రానికి ముఖమేది?

పోయిన వేసవి సెలవులకు మా మనవడు సికింద్రాబాదు వచ్చినప్పుడు, వాడికి చదరంగం నేర్పాలని అటక మీది పాత బల్ల దించాను. "తాతయ్యా, కంప్యూటరుతో ఆడదాం. అది అందరికన్నా బాగా ఆడుతుందట" అన్నాడు వాడు. సరేనని అంతర్జాలంలో ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామును దింపుకొన్నాము. తెరిచి చూస్తే బల్ల లేదు, పావులు లేవు. నల్లని కిటికీ, అందులో మినుకుమినుకుమనే ఒక గీత! బంటు ఎత్తును అక్షరాలలో టైపు చేస్తే, అటువంటి ఆదేశం తెలియదని ఆంగ్లంలో జవాబు వచ్చింది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఛందస్సు చెప్పిన నేను ఆ యంత్రం ముందు ఒకటో తరగతి విద్యార్థినయ్యాను.

ఇంత బలవంతుడికి ముఖం ఎందుకు లేదన్న సందేహంతో దీని చరిత్ర చదివాను. మిత్రులతో పంచుకోదగినదనిపించి రాస్తున్నాను.

1948లో ఆలన్ ట్యూరింగ్, డేవిడ్ చాంపర్నౌన్ కలిసి చదరంగమాడే ఒక పద్ధతిని రూపొందించారు. దానిని నడిపే యంత్రం లేక, 1952లో ట్యూరింగే కాగితం మీద లెక్కలు కట్టి, ఎత్తుకు సుమారు అరగంట చొప్పున ఆలిక్ గ్లెన్నీ అనే శాస్త్రజ్ఞునితో ఆడి ఓడిపోయాడు. 1997 మే 11న కాస్పరోవ్‌పై పోటీ గెలిచిన డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. అయినా బల్ల మీద పావును జరిపినది ఎదుట కూర్చున్న ఇంజనీరే. లెక్క యంత్రానిది, చెయ్యి మనిషిది.

తరువాత ఆ చేతి పనికి కూడా వేరే ప్రోగ్రాములు వచ్చాయి. 1990ల తొలినాళ్ళలో గ్నూ చెస్ అనే ప్రోగ్రాముకు ఎక్స్‌బోర్డు బల్లగా నిలిచింది. 2000లో రుడాల్ఫ్ హ్యూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ అనే ఇద్దరు, లెక్క వేసే ఇంజనుకూ బొమ్మ చూపే బల్లకూ నడుమ సంభాషణకు యూసీఐ అనే ఉమ్మడి భాషను ఏర్పరచారు. మన తోలుబొమ్మలాటను తలచుకోండి. ఆడించేవాడు తెర వెనుక, బొమ్మ తెర మీద. మేము దింపుకొన్నది ఆడించేవాణ్ణి మాత్రమే. తెరను వేరే తెచ్చుకోవాలి!

ఈ విభజన వల్ల మేలే జరిగింది. బల్ల గీసే దిగులు లేక ఇంజనుల కర్తలు బలం మీదనే దృష్టి నిలిపారు. 2008లో మొదలైన స్టాక్‌ఫిష్ మూలం అందరికీ తెరిచి ఉంది. ఎందరో చేతులు వేసి పెంచారు. 2020లో నాడీజాల పద్ధతి చేరి దాని బలం మరింత పెరిగింది.

మేమూ ఒక బల్లను తెచ్చి తగిలించాము. మనవడు పదకొండు ఎత్తులలో ఓడాడు. "ఎందుకు ఓడాను తాతయ్యా?" అన్నాడు. తెర మీద ఒక అంకె తప్ప సమాధానం లేదు. ఆ అంకె ఒకప్పుడు బంటు విలువతో కొలిచినది. 2022 చివర స్టాక్‌ఫిష్‌లో ఒకటి అంటే గెలుపు అవకాశం సగం అని అర్థం మార్చారు. ఏ కొలతైనా కారణం చెప్పదు. పద్యానికి మార్కులు వేసి, యతి ఎక్కడ తప్పిందో చెప్పని పరీక్షకుడి వంటిదది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరై, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచిన మన కోనేరు హంపికి ఆట నేర్పిన గురువు తండ్రి అశోక్ గారు. నేర్చుకొనే పిల్లకు ఎదుట కూర్చుని "ఇందుకమ్మా" అని చెప్పే మనిషి కావాలి.

నా బాధ ఇంకొకటుంది. మా నాన్నగారు నేర్పిన ఆటలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది. కోట కట్టడం లేదు. చెక్ పడకముందు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. తెర మీద నా రాజును అలా దూకిస్తే, మారు మాట లేకుండా వెనక్కి వచ్చి తన గడిలో కూర్చున్నాడు. మనవడు నవ్వి, "నీ ఆట తప్పు తాతయ్యా" అన్నాడు. తప్పు కాదురా, పాతది అనబోయి ఆగిపోయాను. యంత్రం ఒప్పుకోనిది తప్పేనని ఈ తరం నమ్మితే, ఆ ఆట నాతోనే ముగుస్తుంది.

అయితే రకరకాల చదరంగాలకు ఫెయిరీ స్టాక్‌ఫిష్ అనే రూపం ఉందనీ, కొత్త నియమాలను ఒక పాఠంగా రాసి దానికి ఇవ్వవచ్చుననీ తరువాత తెలిసింది. ఇప్పుడు నాన్నగారి నియమాలను ఒక్కొక్కటే నోటుపుస్తకంలో రాస్తున్నాను. దసరా సెలవులకు వాడు వచ్చి టైపు చేస్తానన్నాడు. రాజు ఎందుకు దూకుతాడని వాడు అడిగితే, ఆ సమాధానం మాత్రం నేనే చెప్పాలి.