పత్రం లేని విద్య: దోహాలో తెలుగు స్టీల్ ఫిక్సర్లు

దోహా మెట్రో రెడ్ లైనులో 2019 మే 8న తెరిచిన తొలి స్టేషన్లలో అల్ దోహా అల్ జదీదా ఒకటి. పేరుకు అర్థం 'కొత్త దోహా' అయినా, ఆ పేట నగరపు పాత భాగాల్లోనిది. దక్షిణాసియా శ్రామికులు చాలాకాలంగా నివసిస్తున్న చోటు. ఈ భూగర్భ స్టేషను గోడల లోపల మట్టి ఒత్తిడిని భరిస్తున్న ఇనుప పంజరం ప్రయాణికులకు కనిపించదు. అటువంటి పంజరాలను కట్టే విద్య ఎలా అబ్బుతుంది, దానికి దక్కే గుర్తింపు ఎంత అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. ఆ లోపాన్ని ఇనుము తీరుస్తుంది. వేడికి రెండూ దాదాపు సమానంగా వ్యాకోచించడం వల్ల ఈ పొత్తు నిలిచింది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మోనియే 1867లోనూ, ఫ్రాన్స్వా అన్నెబిక్ 1892లోనూ పొందిన పేటెంట్లతో ఈ పద్ధతి వ్యాపించింది. దానితోపాటు కమ్మరమూ తాపీపనీ కాని కొత్త వృత్తి ఒకటి పుట్టింది. మన పట్టణాల్లో అది రాడ్ బెండింగ్. గల్ఫ్‌లో స్టీల్ ఫిక్సింగ్.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు ఊపందుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వలస బలపడింది. 2010 డిసెంబరులో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఆతిథ్యం ఖతార్‌కు దక్కాక అక్కడ ఈ పనివారి అవసరం మరింత పెరిగింది. వీరిలో చాలామందికి బడి మేస్త్రీ చేతికిందే. మొదట రాడ్లు మోయడం, కోయడం. తరువాత రింగులు వంచడం, బైండింగ్ వైరుతో ముడి వేయడం. చివరికి డ్రాయింగు చదివి ఏ రాడ్డు ఎక్కడో నిర్ణయించడం. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని మేస్త్రీకి నోటికి వచ్చు. 32 మిల్లీమీటర్ల రాడ్డు 12 మీటర్లుంటే సుమారు 76 కిలోలు. గల్ఫ్ తీరపు ఉప్పునేలలో కవర్ బ్లాకు తగ్గితే రాడ్డుకు తుప్పు తొందరగా పడుతుంది. అందుకే ఆ చిన్న దిమ్మె పెట్టడమూ విద్యే.

ఈ విద్యకు పత్రం ఇచ్చే సంస్థలు ఆలస్యంగా వచ్చాయి. చెన్నైలో ఎల్ అండ్ టీ శిక్షణ సంస్థ 1995లోనూ, హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998లోనూ మొదలయ్యాయి. అమెరికాలో ఇదే వృత్తికి మూడు నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. ఏటా 2,000 గంటల పని, కనీసం 144 గంటల పాఠం. మన 1983 వలస చట్టం కింద ఖతార్ వంటి దేశాలకు పనికి వెళ్లేవారికి అనుమతి కావాలా వద్దా అన్నది ప్రధానంగా పదో తరగతి పాసయ్యారా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. అక్కడ బడిచదువు లెక్కకు వస్తుంది. మేస్త్రీ దగ్గర గడిపిన పదేళ్లు రావు. పత్రం లేని నిపుణుడు కాగితాలలో హెల్పరుగా మిగిలితే జీతమూ ఆ మాటనే అనుసరిస్తుంది. 2021 మార్చిలో అమలైన 1,000 రియాళ్ల కనీస వేతనం అందరికీ ఒకటే; దానిపైన దక్కించుకోవడానికి నైపుణ్యానికి రుజువు తోడ్పడుతుంది.

వైద్యుడిగా మరో మాట చెప్పాలి. నేలమీది స్లాబుకు ముడులు వేసేవాడు గంటల తరబడి నడుము వంచే ఉంటాడు. మణికట్టు అదే మెలికను రోజూ వేలసార్లు తిప్పుతుంది. వెన్నునొప్పి, చేతి తిమ్మిరి ఈ వృత్తికి తెలిసిన జబ్బులే. ఎండ వేరే శత్రువు. ఖతార్ 2021లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయటి పనిని నిషేధించింది. తేమ, ఎండలను కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలంది. అయితే దేహం వేడికి అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. అందువల్ల కొత్తవాడికి తొలిరోజున ఐదోవంతు పనే ఇచ్చి క్రమంగా పెంచాలన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన.

కాబట్టి శిక్షణ అంటే రాడ్డు వంచడం ఒక్కటే కాదు. వంగిన నడుమును కాపాడుకోవడం, డ్రాయింగు చదవడం, నేర్చినదానికి పత్రం పొందడం కూడా. ఈ మూడూ విమానం ఎక్కకముందే, ఊరిలోనే, తెలుగులోనే అందవలసినవి.