బక్కమ్ సింగ్ కాగితాలు

నవంబరు 11 వస్తే మన పిల్లలు చొక్కాకి ఎర్ర పాపీ పువ్వు గుచ్చుకుని బడికి వెళ్తారు. ఫ్లాండర్స్ పొలాల మీద జాన్ మెక్రే వ్రాసిన పద్యం ఇంటికొచ్చి అప్పగిస్తారు. మెక్రే మన గ్వెల్ఫ్ వాడే, డాక్టరు. ఫ్రాన్సులో ఆయన పనిచేసిన సైనికాసుపత్రిలో ఒక పంజాబీ వ్యవసాయ కూలీ వైద్యం పొందాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అతని పేరు బక్కమ్ సింగ్. 1893లో మహిల్పూర్‌లో పుట్టాడు. పసితనంలోనే పెళ్ళయింది. 1907లో, పధ్నాలుగేళ్ళయినా సరిగా నిండకుండానే, బ్రిటిష్ కొలంబియా చేరాడు. ఆ మరుసటి ఏడే కెనడా ప్రభుత్వం తలుపు వేసేసింది. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా రావాలట, చేతిలో 200 డాలర్లుండాలట! భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి 1919లో గాని అనుమతి రాలేదు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాక సంసారాలతో దిగిన మనకు ఇది ఊహకందదు.

ఆంటారియో వచ్చి రోజ్‌బ్యాంక్ దగ్గర పొలం పనికి కుదిరాడు. 1915లో స్మిత్స్ ఫాల్స్‌లో సైన్యంలో చేరాడు. 1916లో రెండుసార్లు గాయపడ్డాడు. తర్వాత క్షయ పట్టుకుంది. 1919 ఆగస్టు 27న కిచెనర్‌లో పోయాడు. నిండా ఇరవై ఆరేళ్ళు లేవు. భార్య పంజాబులోనే ఉంది.

ఇదంతా ఎలా బయటపడిందంటే, చరిత్రకారుడు సందీప్ సింగ్ బ్రార్‌కు 2007లో ఇంగ్లండులోని ఒక తాకట్టు కొట్లో ఒక విక్టరీ మెడల్ దొరికింది. దాని అంచున చెక్కిన పేరు పట్టుకుని ఆయన సైనిక దస్త్రాలు తిరగేశాడు. అలాంటివి ఒట్టావాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. సైన్యంలో చేరేటప్పుడు నింపిన పత్రం, ఆసుపత్రి కాగితాలు, అన్నీ ఉన్నాయి. అయితే అవి సర్కారు అతన్ని గురించి వ్రాసుకున్నవి. ఎత్తెంత, ఛాతీ ఎంత, గాయం ఎక్కడ. మంచం మీద పడుకుని ఇంటికి ఏమని వ్రాశాడో వాటిలో ఉండదు.

అదే యుద్ధానికి వెళ్ళిన ఫ్రాంక్ మాహ్యూ క్యూబెక్ అడవుల్లో చెట్లు కొట్టే మనిషి. వచ్చీరాని ఇంగ్లీషులో భార్య ఏంజెలిక్‌కు వ్రాసిన ఉత్తరాలు ఈనాటికీ ఒట్టావాలో చదువుకోవచ్చు. ఫ్రాన్సులో పోరాడిన భారత సిపాయిల సంగతి మరీ విచిత్రం. బూలోన్‌లో కూర్చున్న సెన్సారు అధికారులు వాళ్ళ ఉత్తరాలు విప్పి, కావలసిన ముక్కలు ఇంగ్లీషులోకి తర్జుమా చేసి నివేదికలకెక్కించారు. అసలు ఉత్తరాలు చాలామటుకు పోయాయి, ఆ తర్జుమాలు మాత్రం లండనులో భద్రంగా ఉన్నాయి. వాళ్ళని నమ్మనివాడే వాళ్ళ మాట దాచాడన్నమాట.

మన బేస్‌మెంట్లలోనూ నీలం ఏరోగ్రాములున్నాయి, మడత అంచుల్లో కూడా చోటు వదలకుండా అమ్మలు వ్రాసినవి. మొన్న ఇల్లు మారుతూ మాలో ఒకరు ఒక సంచీడు ఉత్తరాలు రీసైక్లింగులో పెట్టేశారు. పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఇంకెవరికోసం అన్నారు. రాత్రంతా నిద్రపట్టక తెల్లవారి వెళ్ళి చూస్తే, బండి అప్పటికే వచ్చి వెళ్ళింది.