మట్టి బాక్టీరియా జన్యువులకు కత్తెర పడేదాకా

1943లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వెలికితీశాడు. క్షయకు మందు దొరికింది గానీ, దాన్ని తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా లోపలి యంత్రాంగం ఎవరికీ అంతుపట్టలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌దీ అదే కథ. దిగుబడి పెంచాలంటే అతినీలలోహిత కిరణాలతోనో విష రసాయనాలతోనో జన్యువులను గుడ్డిగా చెదరగొట్టాలి. చావగా మిగిలినవాటిలో మెరుగైనదాన్ని ఏరుకోవాలి. మోటు పద్ధతే. పరిశ్రమ మాత్రం దశాబ్దాలపాటు దాని మీదే బతికింది.

ఇవాళ అందరూ డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్‌నే పొగుడుతున్నారు. నన్నడిగితే అసలు మలుపు నార్విచ్‌లోని జాన్ ఇన్స్ సంస్థలో వచ్చింది. 1950లలో కేంబ్రిడ్జ్‌లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జన్యుపటం గీయడం మొదలుపెట్టిన డేవిడ్ హాప్‌వుడ్, 1968లో అక్కడికి చేరాడు. ఈ బాక్టీరియా బయటి డీఎన్ఏను సులభంగా రానివ్వదు. కణగోడను కరిగించి డీఎన్ఏను లోపలికి పంపే ఉపాయం 1978లో ఆయన బృందానికి చిక్కింది. 1984లో ఫ్రాన్సిస్కో మాల్పార్టిడా, హాప్‌వుడ్ కలిసి ఆక్టినోరోడిన్ తయారీ జన్యువులన్నిటినీ ఒకే ముక్కగా పట్టుకున్నారు. అది నీలిరంగు యాంటీబయాటిక్ కావడం వాళ్ల అదృష్టం: ప్రయోగం ఫలించిందో లేదో గాజుపళ్లెంలోనే తెలిసిపోయేది. మరుసటి ఏడాదే జన్యువులు కలిపి సంకర యాంటీబయాటిక్‌లు పుట్టించారు.

2002లో సీలికలర్ జన్యుక్రమం వెలువడింది. 86 లక్షలకు పైగా డీఎన్ఏ అక్షరాలు, 7,825 జన్యువులు. సహజ రసాయనాలు తయారుచేసే జన్యు సముదాయాలే 20కి పైగా. అప్పటికి తెలిసినవి కొన్నే, మిగతావి మూగగా పడి ఉన్నవి. వెతకడం పోయి నిద్రలేపడం పని అయింది. ముందు ఇ.కోలై బాక్టీరియాలో జన్యువును సవరించి, ఆపై స్ట్రెప్టోమైసిస్‌లోకి చేర్చే పద్ధతి 2003లో వచ్చింది. అదీ నార్విచ్ చలవే.

2014-15 నాటికి క్రిస్పర్ ఈ రంగంలోకి దిగింది. నెలల పని వారాలకు తగ్గింది. 2017లో పరిశోధకుడు హుయ్‌మిన్ జావో బృందం మూగ సముదాయాల ముందు జన్యువులను పనిలోకి దించే మీటలాంటి బలమైన ప్రమోటర్‌ను చొప్పించి వాటిచేత పనిచేయించింది. అయితే క్రిస్పర్‌లో డీఎన్ఏను కోసే కాస్9 కత్తెర చాలా జాతులకు విషంలా తగులుతుంది. డీఎన్ఏ రెండు పోగులూ తెగితే క్రోమోజోమ్ పెద్ద భాగమే ఊడిపోవచ్చు. అందుకే డెన్మార్క్‌లో 2019లో పోగులు రెండూ తెంపకుండా ఒక్క అక్షరాన్నే మార్చే క్రిస్పర్-బెస్ట్‌ను రూపొందించారు.

ఇన్ని పరికరాలున్నా, మట్టిలోంచి కొత్తగా తీసిన జాతి చేతికొస్తే మొదటి తంటా మళ్లీ 1978 నాటిదే: డీఎన్ఏను లోపలికి పంపడం. ఒక జాతికి కుదిరిన పద్ధతి మరోదానికి కుదరదు.