బీదరు జోడీ లోహాలు, కదిలే కండరాలు

బహమనీ సుల్తానులు 15వ శతాబ్దంలో గుల్బర్గా నుంచి రాజధానిని తరలించుకున్న, 1956 వరకు హైదరాబాదు రాజ్యంలో ఉన్న బీదరుకు దేశదేశాల్లో పేరు తెచ్చినది బిద్రీ పని. బిద్రీ పోతలో ముప్పాతికకు మించి తుత్తునాగం, అంటే జింకే. రాగి దానికి సుమారు పదహారో వంతు. పోత పాత్రను ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరచి, ఆ నలుపుమీద గీసిన లతలను ఉలితో తొలిచి, ఆ గాడులలో వెండి తీగను సుత్తితో అదిమి కూర్చుతారు. చివరకు బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపిన ద్రావణం పోత లోహాన్ని శాశ్వతంగా నల్లబరుస్తుంది, వెండిని మాత్రం అంటదు. జింకు చురుకైన లోహం, వెండి నిమ్మళమైనది. పనివారు శతాబ్దాలుగా వాడుకున్నది ఈ తేడానే.

1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఈ రెండు లోహాల బిళ్లలనే జతలుగా పేర్చి, జతకూ జతకూ నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కను ఉంచి, ఎడతెగని విద్యుత్తును పుట్టించాడు. వోల్టాకూ బీదరుకూ చరిత్రలో చుట్టరికం కలపనక్కరలేదు. కలిసినది లోహాల గుణం ఒక్కటే. ఆయనను ఈ దారి పట్టించినవి మరో ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ 1791లో ప్రచురించిన ప్రయోగాలు: రెండు వేర్వేరు లోహాలు తగిలితే చచ్చిన కప్ప కాలు ఎగిరిపడేది. అది జంతువులోని విద్యుత్తేనని గాల్వానీ, కాదు లోహాలదేనని వోల్టా వాదించుకున్నారు. నరాలలో విద్యుత్ సంకేతాలు పారతాయని తరువాత తేలాక, గాల్వానీ మాట కూడా బొత్తిగా తప్పు కాదని తెలిసింది.

19వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి వైద్యుడు డ్యూషేన్ చర్మాన్ని గుచ్చకుండానే, తడి ఎలక్ట్రోడ్లను ఒంటికి ఆనించి, ఒక్కొక్క కండరాన్ని విడివిడిగా ముడుచుకునేటట్లు చేశాడు; ఇందుకు వాడినది 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణతో పుట్టే విద్యుత్తు. నరం కండరంలోకి చొరబడే చోటికి ఎదురుగా చర్మాన్ని తాకితే తక్కువ విద్యుత్తే చాలునని జర్మనీ వైద్యుడు జీమ్‌సెన్ చూపాడు.

పక్షవాతంతో పాదం ముందుభాగం నేలను రాసుకుంటూ నడిచేవారికోసం 1961లో అమెరికాలో లైబర్‌సన్ బృందం వివరించిన పరికరం దీని కొనసాగింపే. మడమ లేవగానే పాదరక్షలోని మీట పనిచేసి, మోకాలికి దిగువన బయటివైపు చర్మానికి దగ్గరగా పోయే పెరోనియల్ నరానికి విద్యుత్తు అంది, పాదం పైకి లేస్తుంది. మడమ ఆనగానే విద్యుత్తు ఆగుతుంది. దెబ్బ మెదడులో ఉన్నా నరం, కండరం బాగుంటేనే ఇది సాధ్యం. నరమే తెగితే మిల్లీసెకండుకు మించని ‘ఫారడిక్’ విద్యుత్ స్పందనలకు కండరం పలకదు. 100 మిల్లీసెకండ్ల ‘గాల్వానిక్’ విద్యుత్ స్పందనలకు మాత్రం, అదీ మందకొడిగా, ముడుచుకుంటుంది. ఈ వ్యత్యాసాన్ని చూసే ఫిజియోథెరపిస్టులు నరం ఎంత దెబ్బతిన్నదో అంచనా వేస్తారు.