ముక్కుల పుల్ల నుంచి ఫోన్ల మెసేజ్ దాక

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, గప్పటి కరోన టెస్టులన్నీ ఉత్తయే అట గదా? ఒకటే మనిషికి ఈడ నెగెటివ్, ఆడ పాజిటివ్ వచ్చేదట?" నేను పీహెచ్‌సీల ల్యాబ్ టెక్నీషియన్‌ను. 2020ల, 2021ల ఎంతమంది ముక్కులల్ల పుల్ల పెట్టిన్నో నాకే లెక్క లేదు. టెస్టులు ఉత్తయి కాదు. కని ఆ తమ్ముడు అడిగినదాంట్ల సగం నిజమున్నది. ఆ సగం ఏందో వాట్సాప్‌ల చెప్తే ఒడవది. గందుకే ఇక్కడ రాస్తున్న.

ముందుగాల్ల ఆర్టీపీసీఆర్ అంటే ఏందో జర సమజ్ చేసుకుందాం. అది వైరస్‌ను కంటితోని చూసే పరీక్ష కాదు. వైరస్ లోపల ఆర్‌ఎన్‌ఏ అనే రాత ఉంటది. కరోన వైరస్‌ది దాదాపు 30 వేల అక్షరాల రాత. అండ్ల కొన్ని ముక్కలు ఈ వైరస్‌కే సొంతం, ఇంకోదాంట్ల దొరకయి. ఆ ముక్క మనం తీసిన సాంపుల్‌ల ఉన్నదా లేదా అని వెతుకుడే పని. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగ మార్చి, మిషన్‌ల వేడి చేసుడు, చల్లార్చుడు. ఒక్కో సుట్టుకు ఆ ముక్క ఒకటికి రెండు, రెండుకు నాలుగు, నాలుగుకు ఎనిమిది అయితది. గట్ల 40 సుట్ల దాక తిప్పుతరు. ముక్క ఉంటే ఏదో ఒక సుట్టుకాడ మిషన్‌కు వెలుగు కనవడతది. లేకుంటే చీకటే.

2020 జనవరి రెండో వారంల చైనా శాస్త్రవేత్తలు ఈ రాతను లోకానికి బయటపెట్టిన్రు. జర్మనీల, బెర్లిన్ షారిటె ఆస్పత్రి క్రిస్టియన్ డ్రోస్టెన్ బృందం తయారుచేసిన పరీక్ష పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ జనవరి 13 నాడే అందరికీ ఇచ్చింది. వాళ్ల చేతిల అప్పటికి అసలు వైరసే లేదు. 2003 నాటి సార్స్ వైరస్‌కు ఇది సుట్టమని, దాని లెక్కన పరీక్ష కట్టిన్రు. అంత జల్ది పని ఇంతకుముందు ఏ రోగానికీ కాలే అనే నేననుకుంట. పద్ధతి కాగితం మీద ఉండుడు వేరు, అదే పద్ధతి వెయ్యి ఊర్లల్ల రోజూ నడుచుడు వేరు.

దీనికి పెద్ద సాక్ష్యం అమెరికానే. అక్కడి సీడీసీ అనే సర్కారు సంస్థ సొంత కిట్ చేసి 2020 ఫిబ్రవరి మొదట్ల రాష్ట్రాల ల్యాబులకు పంపింది. ప్రతి ల్యాబుల ఒక అలవాటు ఉంటది: అసలు సాంపుళ్ల పక్కన ఒక ఉత్త సాంపుల్ పెడతరు, అండ్ల వైరస్ ఉండది. అది నెగెటివ్ రావాలె. రాకుంటే ఆ ఆటంతా రద్దు. అమెరికా ల్యాబుల ఆ ఉత్త సాంపుల్ కూడ పాజిటివ్ చూపెట్టవట్టింది. తర్వాత సీడీసీ వాళ్లే విచారణ చేస్తే తేలింది, కిట్‌ల ఒక భాగం కలుషితమైంది, ఇంకో భాగం కట్టుడే తప్పు. ఫిబ్రవరి 29కి గని వేరే ల్యాబులకు తమ సొంత పరీక్షలు మొదలువెట్టే వీలు ఇయ్యలే. ఆ నెలంత అక్కడ రోగం కనవడకుండ పాకింది. అంత డబ్బు, అంత చదువు ఉన్న దేశం పరిస్థితే గిది.

మన దగ్గర మొదటి కేసు 2020 జనవరి 30 నాడు కేరళల తేలింది, వుహాన్ నుంచి వచ్చిన స్టూడెంట్‌కు. పరీక్ష చేసింది పుణెల ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ. తెలంగాణల మొదటి కేసు మార్చి 2న బయటపడ్డది. అప్పటికి గాంధీ ఆస్పత్రిల పరీక్షలు నడుస్తున్నయ్ గని, పాజిటివ్ అనిపిస్తే పక్కా చేసుకోనీకి పుణెకు పంపే కాలమది.

ఇగ ల్యాబులు పెంచుడంటే ఒక మిషన్ కొని పెట్టుడు అనుకుంటరు. మేము గట్లనే అనుకున్నం. మిషన్ కంటె ముందు పుల్ల దొరకలే! ముక్కుల పెట్టే పుల్ల మామూలు దూది పుల్ల కాదు. కట్టె పుల్ల, దూది పనికిరావు, వాటిల ఉండేటివి పరీక్షను చెడగొడతయి. నైలాన్ కుచ్చు ఉన్న ప్లాస్టిక్ పుల్ల కావాలె. వాటిని చేసే పేరుమోసిన కంపెనీ ఇటలీల బ్రెషా అనే ఊర్ల ఉన్నది. యూరప్‌ల కరోన మొదలు పడగొట్టింది ఆ ఇలాకనే. పుల్ల దొరికితే దాన్ని ముంచే మందునీళ్ల ట్యూబు ఉండది. వీటీఎం అంటం దాన్ని. ట్యూబు దొరికితే ఆర్‌ఎన్‌ఏ తీసే కిట్ ఉండది. లోకంల అన్ని దేశాలు ఒకటేసారి అదే దుకాణం ముందు లైను కట్టినయ్.

ఈ బాధ చూసే హైదరాబాద్‌ల సీసీఎంబీ వాళ్లు వేరే తొవ్వ వెతికిన్రు. పుల్లను నీళ్ల ట్యూబుల ముంచకుండ పొడిగనే పంపుడు. ల్యాబుల దాన్ని సాదా ద్రావణంల నానవెట్టి, వేడి చేసి, ఆర్‌ఎన్‌ఏ తీసే పెద్ద పనే లేకుండ సీదా మిషన్‌ల వెయ్యుడు. ఖర్చు తక్కువ, టైము తక్కువ, తొవ్వల ట్యూబు కారుతదన్న భయం లేదు. ఐసీఎంఆర్ 2020 నవంబర్‌ల దీనికి ఒప్పుకున్నది. మా మండలందాక అది ఎన్నడు రాలే. నాకు ఇప్పటికీ గదొక్కటే మనసుల పీకుతది. మన హైదరాబాద్‌ల, మన కష్టం చూసి చేసిన పనది.

మా కాడ పని ఎట్ల నడిచేదో చెప్త. పొద్దున లైను కట్టేది. పేరు, వయసు, ఆధార్, ఫోన్ నంబరు కంప్యూటర్‌ల ఎక్కిస్తేనే సాంపుల్‌కు ఒక నంబరు పుడతది. మనిషికి రెండు ఫోన్లు, ఒకటి కొడుకు దగ్గర దుబాయిల. నంబరు ఒక్క అంకె తప్పుపోతే రిపోర్టు ఎవలికో పోతది. తర్వాత పుల్ల. ముక్కుల లోపలి గోడ దాక పోవాలె, అక్కడ తిప్పాలె, కొన్ని సెకండ్లు ఆపాలె. మనిషి తల ఎనుకకు గుంజుకుంటడు, కండ్లల్ల నీళ్లు తిరుగుతయి, "అయిపోయిందా సారూ" అంటడు. పీపీఈ కిట్టు లోపల మాకు చెమటలు కారుతుంటయి. వందో మనిషి కాడికి వచ్చేసరికి చెయ్యి మొదటి మనిషి కాడ ఉన్నట్టు ఉండది. నిజం చెప్తున్న. పుల్ల ముక్కు అంచులనే తిరిగి వస్తే, ఎంత గొప్ప మిషన్ అయినా ఏం దొరకవడతది?

ట్యూబులు ఐస్ డబ్బల పెట్టాలె, 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలె. ఆ చలిల అయితే 72 గంటల దాక ఆగుతది, అంతకన్న లేటైతే మైనస్ 70 డిగ్రీల డీప్ ఫ్రీజర్ కావాలె. మే నెల ఎండల పీహెచ్‌సీ నుంచి జిల్లా ల్యాబుకు బండి పొయ్యేది సాయంత్రం ఒక్క ట్రిప్పే. అక్కడ ఒక ప్లేటుల 96 గుంటలు, అండ్ల ఉత్త సాంపుల్‌కు, తెలిసిన పాజిటివ్‌కు పోను మిగిలినయే మనుషులయి. అన్ని పనులు కలిపి ఒక ప్లేటుకు ఐదారు గంటలు పడతది. దినానికి ఎన్ని ప్లేట్లు నడుస్తయో లెక్క కట్టుండ్రి. సాంపుల్ తీసుడు ఒక్కో మనిషికి రెండు నిమిషాల పని. తీసే చేతులు ఎక్కువ, పరీక్ష చేసే గుంటలు తక్కువ. 2020 జూన్‌ల హైదరాబాద్, సుట్టుపక్కల జిల్లాలల్ల 50 వేల పరీక్షలు చేద్దామని మొదలువెట్టిన్రు. నెలాఖరుకు 8 వేల పైన సాంపుళ్లు పెండింగ్ పడ్డయి, సాంపుళ్లు తీసుడే కొన్ని దినాలు ఆపిన్రు.

లైను తగ్గించనీకి ఉపాయాలు చేసిన్రు. ఐదుగురి సాంపుళ్లు కలిపి ఒకటే గుంటల వేసుడు ఒకటి. నెగెటివ్ వస్తే ఐదుగురూ బయటపడ్డట్టే. పాజిటివ్ వస్తే మళ్ల ఐదు వేరువేరుగ చెయ్యాలె. రోగం 2 శాతం కంటె తక్కువ ఉన్న కాడనే ఇది చెయ్యాలని ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్‌ల చెప్పింది. రోగం పెరిగినంక ప్రతి గుంట పాజిటివే వస్తది, పని తగ్గుడు పోయి ఇంకా పెరుగుతది. అదే ఏప్రిల్‌ల చైనా నుంచి నెత్తుటి చుక్కతోని చేసే యాంటీబాడీ కిట్లు వచ్చినయ్. రాజస్థాన్ సర్కారు ఇవి తప్పు చూపెడుతున్నయని లొల్లి పెట్టింది, నెల తిరగకముందే రెండు కంపెనీల కిట్లు వాపస్ పంపుమని ఐసీఎంఆర్ రాష్ట్రాలకు చెప్పింది.

జూన్ 14న ఐసీఎంఆర్ ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టుకు ఒప్పుకున్నది. ఇదే మీరందరు చూసిన గీతల టెస్టు. ఒక గీత నెగెటివ్, రెండు గీతలు పాజిటివ్, అరగంటల ముచ్చట ఒడుస్తది. మా పీహెచ్‌సీకి ఇది దేవుడు పంపినట్టు వచ్చింది, అబద్ధం ఆడను. ఇది పాజిటివ్ అంటే నమ్మొచ్చు, తప్పుడు పాజిటివ్ నూటికి ఒకటి కూడ ఉండది. నెగెటివ్ అంటే మాత్రం వేరే ముచ్చట. ఐసీఎంఆర్ సొంత లెక్కలల్లనే, రోగం ఉన్న నూరుమందిల ఇది పట్టేది 50.6 నుంచి 84 మందినే. గందుకే రూల్ పెట్టిన్రు: జ్వరం, దగ్గు ఉండి ర్యాపిడ్ నెగెటివ్ వస్తే, ఆర్టీపీసీఆర్ చెయ్యాల్సిందే.

ఆర్టీపీసీఆర్ కూడ పొద్దును బట్టి మాట్లాడుతది. అమెరికాల జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2020ల లెక్క కట్టిన్రు: లక్షణాలు మొదలైన దినం చేస్తే నూటికి 38 మంది రోగులు నెగెటివ్‌గ తప్పించుకుంటరు. మూడు దినాలాగి చేస్తే 20 మంది. వైరస్ సోకిన తెల్లారే చేస్తే ఏం దొరకది. సుట్ల లెక్క కూడ గంతే. వైరస్ ఎక్కువుంటే 18, 20 సుట్లకే వెలుగు వస్తది, తక్కువుంటే 33, 34 దాక తిరగాలె. మన దగ్గర 35 లోపల వస్తే పాజిటివ్. ఇయ్యాళ 34 వచ్చినోనికి రేపు ఇంకో ల్యాబుల పుల్ల జర పైపైన తిరిగితే నెగెటివ్ వస్తది. తమ్ముడు అడిగిన "ఈడ నెగెటివ్, ఆడ పాజిటివ్" గిదే.

ఇగ నా సొంత ముచ్చట. 2021 ఏప్రిల్ మూడో వారం. యాసంగి వడ్లు కోసి ఐకేపీ సెంటర్‌ల కుప్పలు పోస్తున్నరు. మా పెద్దనాయినకు రెండు దినాల నుంచి ఒళ్లు నొప్పులు, జ్వరం. శుక్రవారం పీహెచ్‌సీకి వచ్చిండు. ర్యాపిడ్ నేనే చేసిన. ఒకటే గీత. రూల్ నాకు తెలుసు. కని ఆ పొద్దు వీటీఎం ట్యూబులు పన్నెండు గంటలకే ఒడిసినయ్, బయట ఇంకా లైను ఉన్నది. "నెగెటివే పెద్దనాయినా, సోమవారం రా, ఇంకోటి తీస్త" అన్న. ఆయన ఆ మాటల మొదటి సగమే ఇన్నడు. ఆ రెండు రాత్రులు వడ్ల కుప్ప కాడనే, ఇంకో నలుగురితోని కలిసి పండుకున్నడు.

సోమవారం ట్యూబుల తీసి పంపిన. బుధవారం ఊపిరి ఆడలే, ఆక్సిజన్ 84. పట్నంల ఒక దవాఖానకు తీసుకపోతే పాజిటివ్ రిపోర్టు ఏదన్నరు. రాలేదంటే కరోన వార్డుల పడక ఇయ్యమన్నరు. మామూలు వార్డుకు పోతే, కరోన అనుమానం ఉన్నది, ఇక్కడ పెట్టుకోమన్నరు. జిల్లా ల్యాబుకు నేను పదిసార్లు ఫోన్ చేసిన. ఎత్తిన పిల్ల నా బ్యాచ్‌దే. "అన్నా, ఇక్కడ ఆరుగురిల నలుగురం పాజిటివ్, మీ ట్యూబు ఫ్రిజ్‌ల ఉన్నది, వంతు రాలే" అని ఏడ్సింది. నాలుగో దవాఖాన తీసుకున్నది. శుక్రవారం తెల్లారక ముందే పానం పోయింది. ఆదివారం మూడొద్దులు. కాకులకు పెట్టి ఇంటికి వస్తుంటే నా ఫోన్‌ల మెసేజ్ మోగింది. నంబరు నాదే ఇచ్చిన గదా. పాజిటివ్.

మే 4న ఐసీఎంఆర్ కొత్త సూచనలు ఇచ్చింది. దేశంల అప్పటికి 2,506 ల్యాబులు, మూడు షిఫ్టులు నడిపితే దినానికి 15 లక్షల పరీక్షల దాక తాకత్ ఉన్నదని, అయినా కేసులు విపరీతంగ పెరిగి, ల్యాబ్ సిబ్బందికి కూడ రోగం సోకి పని సాగుతలేదని అండ్ల ఒప్పుకున్నరు. ఒకసారి పాజిటివ్ వచ్చినోళ్లకు మళ్ల ఆర్టీపీసీఆర్ చెయ్యొద్దన్నరు. మే 8 నాడు కేంద్ర ఆరోగ్య శాఖ, దవాఖానల చేర్చుకోనీకి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదని చెప్పింది. పెద్దనాయిన పోయి అప్పటికి పదిహేనొద్దులు.

ఇప్పుడు ఎవలన్న ఏ రోగానికైనా రిపోర్టు పట్టుకొని వస్తే నేను నాలుగు అడుగుత. ఏ పరీక్ష, జ్వరం మొదలైన ఎన్నో దినం, సాంపుల్ తీసిన తారీఖు ఏది, రిపోర్టు తారీఖు ఏది. రెండు తారీఖుల నడుమ ఎడం చూసినంకనే కింద రాసిన మాట చదువుత.

మా పెద్దమ్మ చదువుకోలే. నేను పోయినప్పుడల్ల ఒకటే అడుగుతది: "బిడ్డా, ముందుగాల్ల లేదని చెప్పింది మిషనా, మనిషా?" మొదట్ల మిషన్ అని చెప్పేటోన్ని. పోయిన సంక్రాంతికి మాత్రం చెప్పిన, "నేనే పెద్దమ్మా" అని. ఆమె ఏమనలే. చాయ్ పెట్టనీకి లోపలికి పోయింది.