బస్సు పోయిందా, ఇంకా రావాలా?

ఈ ఎపిసోడ్‌లో బస్సు యాప్‌ల చరిత్ర చెప్పుకుందాం. ముందు ఫెయిలైన యాప్‌తో మొదలుపెడతా. అది నాదే.

బీటెక్ ఫైనలియర్‌లో నా ప్రాజెక్టు, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళ బస్సు టైమింగ్స్ చూపించే యాప్. మ్యాపు, సెర్చ్, రంగులు, అన్నీ పెట్టా. సాయంత్రం రోడ్డు మీద స్టాప్‌లో, మిరప కోతకి వెళ్ళొస్తున్న ఒక పెద్దమ్మకి చూపించా. ఆమె ఫోన్ వంక చూసి, "ఆరున్నరకని నాకూ తెలుసు నాయనా. పోయిందా, ఇంకా రావాలా? అది చెప్పు" అంది. నా యాప్‌లో దానికి జవాబు లేదు.

అది చిన్న ప్రశ్నేం కాదు. బస్సు పోయిందనుకుంటే ఆమె ఎక్కేది అప్పటికే కిక్కిరిసిన షేర్ ఆటో. కోతల సీజన్‌లో కూలీల ఆటోలు బోల్తా పడ్డ వార్తలు మన గుంటూరు, ప్రకాశం వైపు ఎన్ని చదవలేదు? మరి ఈ ప్రశ్నకి ఇంతకుముందు ఎవరైనా జవాబు వెతికారా?

2005 దీపావళికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామాకి హైదరాబాద్ బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట చెప్పేవాళ్ళే లేరు. 2006లో బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టాడు. "సీటు ఉందా?" అన్న ప్రశ్న అలా తీరింది. కానీ పల్లెవెలుగు బస్సుకి రిజర్వేషన్ ఎక్కడిది? చెయ్యెత్తి ఆపి ఎక్కడమే.

2008లో అమెరికాలోని సియాటిల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ విద్యార్థి బ్రయన్ ఫెర్రిస్ వన్‌బస్‌అవే చేశాడు. బస్సు ఇంకా ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పడమే దాని పని. దానికి స్మార్ట్‌ఫోన్ ఉండి తీరాలని లేదు. ఫోన్ చేసి స్టాప్ నంబరు నొక్కినా చెప్పేది, ఎస్సెమ్మెస్ పెట్టినా చెప్పేది. 2011లో కారీ వాట్కిన్స్ బృందం దీని మీద స్టడీ చేసింది. బస్సు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళకి, తాము నిలబడ్డ టైమ్ అసలు కంటే ఎక్కువ అనిపించిందట. తెలిసినవాళ్ళకి అలా అనిపించలేదు.

మన దేశంలో వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ ఇంకో దారి పట్టింది. బెంగళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ చేసిన ఈ యాప్‌ని 2018లో గూగుల్ కొనేసింది. నెట్ లేకపోయినా, జీపీఎస్ లేకపోయినా సెల్ టవర్లని బట్టి రైలు ఎక్కడుందో చెప్తుంది. గుంటూరు నుంచి మార్కాపురం వెళ్ళేవాళ్ళకి భలే పనికొస్తుంది. అయితే ఈ ట్రిక్ పనిచెయ్యాలంటే ఫోన్ రైల్లో ఉండాలి. మన పెద్దమ్మేమో బయట, రోడ్డు మీద ఉంది.

ఇప్పుడు ఆర్టీసీకి కూడా బస్సు ఎక్కడుందో చూపించే లైవ్ ట్రాక్ యాప్ ఉంది. అంటే పెద్దమ్మకి కావాల్సింది అదే, బస్సు ఉన్న చోటు. ఇక మిగిలింది, అది ఆమె దాకా చేరడం. ఆమెది బటన్ ఫోన్. పొద్దంతా కాయ కోసి చేతులు మండుతుంటాయి, ఇక మ్యాపు మీద వేలు జరపడం ఎక్కడ!

అదే ప్రాజెక్టు మళ్ళీ చేస్తే నేను స్క్రీన్‌తో మొదలుపెట్టను. ప్రతి స్టాప్ బోర్డు మీదా ఒక నంబరు రాయిస్తా. ఫోన్ చేస్తే తెలుగులో, "ఆరున్నర బస్సు ఇంకా రాలేదు, పావుగంటలో వస్తుంది" అని వినపడాలి. సిగ్నల్ అందక బస్సు ఎక్కడుందో తెలియకపోతే "తెలియట్లేదు" అనే చెప్పాలి. ఊరికే ఏదో ఒక టైమ్ చెప్పేస్తే, రాని బస్సు కోసం ఆమె చీకట్లో నిలబడాలి.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు మొదలుపెడుతుంటే, కోడ్ రాసేముందు ఒక సాయంత్రం మీ ఊరి స్టాప్‌లో నిలబడండి. అక్కడ జనం ఒకళ్ళనొకళ్ళు ఏం అడుగుతున్నారో వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.