అలమార, బీరువా, కాగితము

నిజామాబాదు బజారులో "బీరువా చూపండి" అని అడిగినవాడు తనకు తెలియకయే ఫ్రెంచివారి మాటను పలుకుచున్నాడు. "అలమార" అన్నవాడు పలుకునది పోర్చుగీసువారి మాట. దానికి మూలము లాటినులోని అర్మారియుం. ఆయుధములు, పనిముట్లు దాచు చోటని అర్థము. బీరువాకు మూలమైన బ్యూరో మొదట వ్రాతబల్లపై పరచు ముతకగుడ్డకు సంబంధించిన మాట. పిదప ఆ బల్లకే పేరైనది. దుకాణదారు చేతికిచ్చు చాబీ కూడ పోర్చుగీసు నుండి ఉర్దూలో చేరి మన బజారుకు వచ్చినదే. సందుగ అరబ్బీ మాట. దాచుకొను వస్తువులకు ఇన్ని పరాయి పేర్లు వచ్చినంత మాత్రాన మన పూర్వులకు దాచుట తెలియదని కాదు. వారు దాచినవి వేరు.

ధాన్యమునకు గుమ్మి, గరిసె, పాతర ఉండినవి. పాలు పెరుగులకు ఉట్టి ఉండెను. వెండి రూపాయలు కుండలో చేరి నేలలోనికి పోయినవి. వెండికి చెద పట్టదు. ఇక చిల్లర వస్తువులకు గోడలోని గూడు చాలును. మట్టిగోడలు రెండు మూరల మందము ఉండుటచేత గూటికి లోతు కరవు లేదు. ఆ గూటికి రెండు తలుపులు బిగించినచో అది గోడ అలమార అయినది.

బోధను ప్రక్క పల్లెలో మా బాపమ్మ ఇంట అటువంటిది నేను ఎరుగుదును. దానికి ఇనుప మడతబందులు లేవు. తలుపు చెక్కకే పైన, క్రింద మొనలు తీసి, చట్రములోని గుంటలలో తిరుగునట్లు అమర్చినారు. ఉన్న ఇనుమంతయు పైనున్న గొలుసు గొళ్ళెమే. చెక్క ఆదిలాబాదు అడవుల టేకు. టేకులోని నూనె చెదను దూరముగా నుంచును. తనను అంటియున్న ఇనుమును కూడ తుప్పు నుండి కొంత కాపాడును. ఓడలు కట్టువారు టేకును కోరుకొనుటకు ఇదియు ఒక కారణము. అయితే ఆ అలమారలో వెనుక పలక లేదు, మట్టిగోడయే వెనుక. చెదపురుగు అటు నుండియే వచ్చును.

ఈ లోపము చాలకాలము ఎవరినీ బాధించలేదు. బాధించినది కాగితము వచ్చిన తరువాతనే. హైదరాబాదు సంస్థానము 1918లో కాగితపు నోట్ల చట్టము చేసినది. మంజీరపై నిజాంసాగరు 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. నవాబు అలీ నవాజ్ జంగు దాని ఇంజనీరు. ఆ నీటితో చెరకు పెరిగినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. దాని చుట్టు శక్కర్‌నగరు వెలసినది. చెరకు గుమ్మిలో దాచు పంట కాదు. నరికిన వెంటనే గానుగకు చేరవలెను, లేకున్న తీపి తగ్గును. కనుక రైతు ఇంట ధాన్యమునకు బదులు తూకపు చీటి, దాని వెంట నోట్లు వచ్చి చేరినవి.

అంతకన్న బరువైన కాగితము ఇంకొకటి. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారులను గుర్తించినది. తరతరములుగా దున్నినవాని హక్కు ఒక పత్రమునకు ఎక్కినది. పహాణీలో పట్టాదారు పేరు ఒకచోట, కబ్జాదారు పేరు వేరొకచోట ఉండును. కబ్జా అనగా పట్టు. చమత్కారమేమనగా మన బజారులో తలుపు మడతబందును కూడ కబ్జా అనియే అందురు. తలుపును పట్టి యుంచునది గనుక. పొలము మీది కబ్జా నిలుచుటకు అలమార మీది కబ్జా సరిగా ఉండవలసిన కాలము వచ్చినది.

ఇనుము ఇంటిలోనికి ఇట్లే ప్రవేశించినది. 1897లో తాళములతో మొదలిడిన బొంబాయి గోద్రెజు సంస్థ 1923లో ఉక్కు బీరువాలకు దిగినది. 1942లో హైదరాబాదు సనత్‌నగరులో ఆల్విన్ లోహ కర్మాగారము ఏర్పడి, ఉక్కు సామానును మన ముంగిటికి తెచ్చినది. ఆ సంస్థ నేడు లేదు. పిడి త్రిప్పగానే కడ్డీలు పైకి, క్రిందికి, ప్రక్కకు పోయి చట్రములో నాటుకొనుట చూచి పల్లెవారు మురిసినారు. దానికన్న ముఖ్యము, అది గోడను విడిచి కాళ్ళపై నిలిచినది. ఉన్నవారింట బీరువా, లేనివారింట రేకుపెట్టె.

కదలగల వస్తువు కనుక బీరువా పెండ్లిసారెలోను చేరినది. తాళపుచెవి కోడలి కొంగునకు వచ్చినది. లోపలి పట్టాలో మాత్రము ఆమె పేరు లేదు. ఆంధ్రప్రదేశములో పెండ్లికాని కుమార్తెలకు పిత్రార్జితములో సమభాగమిచ్చు సవరణ 1986లో వచ్చినది. 1985 సెప్టెంబరు నుండి వర్తించినది. అప్పటికే పెండ్లియై సారె బీరువాతో వెళ్ళిన ఆడపడుచులకు అది వర్తించలేదు.

ఇప్పుడు కొనువారికి ఒక మాట. నేనొక దుకాణములో మెరుగుపూత చూచి మురిసి, చెక్కపొట్టు అదిమి చేసిన పలకల అర కొంటిని. మొదటి వానకాలమే అడుగు ఉబ్బినది. మరలు ఊడి తలుపు చేతికి వచ్చినది. మరకు పట్టు దొరకని చెక్కలో ఎంత ఖరీదు మడతబందు బిగించినను నిలువదు. ప్లైవుడ్డు అయినచో 303, 710 అను భారత ప్రమాణ సంఖ్యలు చూడుడు; రెండవది నీటికి ఎక్కువ ఓర్చునది. ఉక్కు రేకునకు గేజి సంఖ్య తగ్గినకొలది మందము పెరుగును. అమ్మువాడు పెద్ద సంఖ్య చెప్పి ఊరించిన మోసపోరాదు. సొరుగును పూర్తిగా బయటకు లాగి, మూలలు మేకులతో కొట్టినారా, పలకల అంచులు వ్రేళ్ళవలె పెనవేసినారా అని చూచిన చాలును, పనివాని సంగతి తెలియును.

2015లో బోధను కర్మాగారము మూతపడినది. 2017లో ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళన ఆరంభించగా మా పల్లెలో పాత కాగితముల వెదుకులాట మొదలైనది. బాపమ్మ గోడ అలమారలోని పట్టాకు అంచులు చెద తినివేసినది, సర్వే నంబరు మిగిలినది. పొరుగింటి పాలేరు తన కౌలు పత్రమును రేకుపెట్టె అడుగున, పాత తూకపు చీట్ల క్రింద, నలగకుండ ఉంచినాడు.